ఒకే ప్రోగ్రాము - మూడు విధముల కంప్యూటర్లు

గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుమార్గము మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషనులమీదుగా సాగి నల్లమల కొండలలో ప్రవేశించును. 1990వ దశకమువరకు ఈ మార్గమున మీటరుగేజి బండ్లు నడచెడివి. రెండు పట్టాల నడుమ ఎడము ఒక మీటరు. బ్రాడ్‌గేజి మార్గములలో ఆ ఎడము 1,676 మిల్లీమీటర్లు. బండిలో ఎక్కు మనుష్యులు ఒకటే, సరకు ఒకటే. అయినను ఒక గేజి పెట్టె మరియొక గేజి పట్టాలమీద అంగుళమైనను కదలదు. గేజి మారుచోట సరకును దింపి వేరొక బండికి ఎత్తవలసినదే. తుదకు గేజి మార్పబూనినప్పుడు దిగువమెట్ట, గాజులపల్లెల నడుమ కొండలలోని పాత దొరబావి వంతెనను విడిచిపెట్టి, వేరొక దారిని పట్టాలు వేయవలసివచ్చెను.

కంప్యూటర్ల లోకమున నేటికిని ఇట్టి గేజిభేదము కలదు. బల్లమీద ఉంచుకొను కంప్యూటరు ఏ సంస్థ చేసినదైనను, దానిలోని సకల వ్యవహారమును నడుపు మూలప్రోగ్రాము ఒకటి ఉండును. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. విండోస్, మాక్, లినక్స్ అనునవి వీనిలో ముఖ్యమైనవి. ఒకదానికొరకు సిద్ధపరచిన ప్రోగ్రాము మరియొకదానిలో ఉన్నదున్నట్లు నడువదు. ఈ మూడింటను నడుచునట్లు ఒకే ప్రోగ్రామును ఎట్లు కట్టుదురో, అందు తెలుగు అక్షరములకు వచ్చు చిక్కు ఎట్టిదో ఈ వ్యాసమున వివరింతుము.

ఇది పెద్ద నగరములవారికి మాత్రమే సంబంధించిన సంగతి అని పాఠకులు తలపరాదు. మార్కాపురం పలక ఎరుగని తెలుగువాడు అరుదు. మన తాతల తరమువారు ఓనమాలు దిద్దిన పలకలలో అనేకము ఈ సీమ గనులనుండి వచ్చినవే. ఆ ఊరిలో ఒక పలకల వర్తకుడు ఉన్నాడనుకొందము. గిరాకీదారుల పేర్లు, పలకల కొలతలు, పంపిన సంఖ్య, రావలసిన పైకము - ఇవన్నియు తెలుగులో వ్రాసియుంచు ప్రోగ్రామును గిద్దలూరులో చదువుకొన్న యువకుడొకడు అతనికి చేసిపెట్టబూనినాడు. దుకాణములోనిది విండోస్ 10 గల పాత కంప్యూటరు. ఆ విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థ సాధారణపు మద్దతును 2025 అక్టోబరు 14తో నిలిపివేసినది. విండోస్ 11 ప్రతి పాత యంత్రమును అంగీకరింపదు. కనుక అట్టి యంత్రములను పారవేయ మనసొప్పనివారు లినక్స్ ఎక్కించుకొనుట కలదు. వర్తకుని లెక్కలు చూచువారి యొద్ద విండోస్ 11 ఉండవచ్చును. ఎగుమతి వ్యాపారమున సహాయపడు బంధువు యొద్ద మాక్ ఉండవచ్చును. ఒక్క దుకాణపు చిట్టా ఆవర్జాలకే మూడు గేజిలు తటస్థపడినవి.

మొదట, ఒకదాని ప్రోగ్రాము వేరొకదానిలో ఏల నడువదో చూతము. మూడింటిలోను ఒకే రకపు ప్రాసెసరు ఉన్నను ఈ కష్టము తప్పదు. ఏలయన ప్రోగ్రాము తనంత తాను చేయునది లెక్కలు మాత్రమే. ఫైలు తెరచుటకు, తెరమీద కిటికీ గీయుటకు, అచ్చుయంత్రమునకు కాగితము పంపుటకు అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను అర్థింపవలెను. ఆ అర్జీల పేర్లును, పద్ధతులును మూడింటిలో మూడు విధములు. ప్రోగ్రామును ఫైలుగా కట్టియుంచు తీరుకూడ వేరు. ఒక కచేరి నమూనాలో వ్రాసిన అర్జీని మరియొక కచేరిలో గుమాస్తా చేతికిచ్చినట్లుండును.

ఇవి గాక చిల్లర భేదములు అనేకము. ఫైలు చిరునామాలో విండోస్ ఒకవైపు వాలిన గీతను వాడగా, తక్కిన రెండును మరియొకవైపు వాలిన గీతను వాడును. వాక్యపంక్తి ముగిసినదని తెలుపుటకు విండోస్‌లో రెండు సంకేతములు ఉంచుట వాడుక, తక్కినవానిలో ఒకటే. ఇంగ్లీషు పేర్లలో పెద్ద అక్షరమునకును చిన్న అక్షరమునకును లినక్స్ భేదము పాటించును. విండోస్ సాధారణముగా పాటింపదు. తెలుగు లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు లేవు గనుక మనకు ఈ బాధ లేదని సంతోషింపవచ్చును. కాని తెలుగునకు తనదైన చిక్కు వేరొకటి కలదు. ‘పైకము’ అను మాటలోని ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింది గుర్తు అని రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. మాక్ కంప్యూటర్లు 2017కు పూర్వము వాడిన ఫైలుపద్ధతి ఇట్టి పేర్లను తానే విడదీసి రెండు సంకేతములుగా దాచెడిది. అట్టి యంత్రమునుండి తెచ్చిన ‘పైకము’ అను ఫైలును వేరొక కంప్యూటరులో ప్రోగ్రాము వెదకినచో, ఎదుటనే ఉన్నను లేదనును! పేర్లను పోల్చుటకు ముందు రెండింటిని ఒకే రూపమునకు తెచ్చుకొనుటయే దీనికి మందు.

ఇక ప్రోగ్రామును కట్టు మార్గముల విషయము.

మూడు ఆపరేటింగ్ సిస్టములకు మూడు ప్రోగ్రాములు వేరువేరుగ వ్రాయుట ఒక పద్ధతి. ఇట్లు చేసినది ఆయా యంత్రములలో చక్కగా ఇమిడిపోవును, వేగముగ నడచును. కాని పని మూడింతలు. ఒక తప్పు దొరకినచో మూడుచోట్ల దిద్దవలెను. ఒకచోట మరచుట తథ్యము. పెద్ద సంస్థలకు చెల్లును గాని, గిద్దలూరులో ఒంటరిగా కూర్చుండి పనిచేయువానికి ఇది తగినది కాదు.

నడుమ దుబాసిని ఉంచుట మరియొక పద్ధతి. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా భాషను లోకమునకు అందించినప్పుడు, ఒకమారు వ్రాసినచో ఎక్కడనైనను నడచునని ప్రకటించెను. జావా ప్రోగ్రాము ఏ యంత్రపు భాషలోను ఉండదు. ఒక ఊహాయంత్రపు భాషలో ఉండును. ప్రతి కంప్యూటరులోను దుబాసి ఉండి ఆ ఊహాభాషను అక్కడి భాషలోనికి మార్చి వినిపించును. ఆ కాలముననే నార్వే దేశములో క్యూట్ అను టూల్‌కిట్ వెలువడెను. అంతకు ముందే, 1992లో, ఎడింబరో విశ్వవిద్యాలయమున జూలియన్ స్మార్ట్ ఆరంభించినది నేడు డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అను పేరుతో వ్యవహరింపబడుచున్నది. వీని పద్ధతి వేరు. ప్రోగ్రాము వ్రాయువాడు ‘ఇక్కడ ఒక బొత్తాము, ఇక్కడ ఒక పట్టిక’ అని ఒక్కమారు చెప్పును. టూల్‌కిట్ దానిని ఏ యంత్రమున ఆ యంత్రమునకు తగిన అర్జీగా మార్చును. ప్రోగ్రామును మాత్రము మూడు యంత్రములకును మూడుమారులు కట్టవలెను.

దుబాసీలలోను రెండు తెగలు కలవు. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ వంటివి ఆతిథేయి ఇంటి సామగ్రినే అరువు తెచ్చుకొనును. బొత్తాము నొక్కినప్పుడు అది నిజముగా విండోస్ బొత్తామే, మాక్ బొత్తామే. జావాలోని స్వింగ్, క్యూట్ వంటివి తమ బొత్తాములను చాలవరకు తామే గీసికొనును. మొదటి తెగ ఏ ఇంటికి పోయినను ఆ ఇంటి మనిషివలె కనబడును గాని, ఇల్లు మారినప్పుడెల్ల మర్యాద మారును. రెండవ తెగ ఎక్కడైనను ఒక్కతీరున ఉండును గాని, కొంత పరాయిగా తోచును.

ఈ రెండవ తెగ ఆలోచనను తుదిదాక లాగినవారు కలరు. 2013లో గిట్‌హబ్ సంస్థ ఆరంభించిన ఎలక్ట్రాన్ అనునది ప్రోగ్రాముతోపాటు ఇంటర్నెట్ పుటలను చూపు బ్రౌజరునే సమగ్రముగా మోసికొనిపోవును. ప్రోగ్రామును వెబ్‌పుట వ్రాసినట్లు వ్రాసినచో చాలును. 2015లో మైక్రోసాఫ్టు విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్, నేడు ప్రోగ్రాములు వ్రాయువారు విస్తారముగ వాడునది, ఇట్లు కట్టినదే. సౌకర్యము గొప్పది, బరువును గొప్పదే. పది పుటల చిట్టాకు కూడ నూరు మెగాబైట్లకు పైబడిన సామాను వెంట రావలెను. అత్తవారింటికి పండుగకు పోవువాడు మంచము, తిరుగలి, రోలు బండికెత్తుకొని పోయినట్లు! జ్ఞాపకస్థలము తక్కువగా ఉన్న పాత యంత్రములకు ఇది భారమగును. ఈ భారమును తగ్గింపబూని 2022లో స్థిరరూపమునకు వచ్చిన టౌరీ అనునది బ్రౌజరును వెంట తేక, ఆయా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నదానినే వాడుకొనును. సామాను తగ్గినది, మూడు ఇండ్ల మూడు మర్యాదలు మరల వచ్చినవి.

ఏది అరువు తెచ్చుకొనవలెను, ఏది వెంట మోసికొనిపోవలెను అనునదే ఇందు అసలు ప్రశ్న అని దీనివలన తేలుచున్నది. ఇంగ్లీషు మాత్రమే వాడువారికి ఇది రుచిభేదము. తెలుగు వాడువారికి అట్లు కాదు. కారణము మన అక్షరనిర్మాణములో ఉన్నది.

‘లక్ష్మి’ అను పేరును తీసికొందము. మనము వ్రాయునవి రెండక్షరములు. 1991నుండి తెలుగునకు స్థానమిచ్చిన యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు దాచునవి ఏడు సంకేతములు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. గుడి తుదిని ఉన్నది. తెరమీద మాత్రము అది మకారమునకు గాక పైనున్న క్షకారమునకు చేరవలెను. మకారము క్రిందికి దిగి వత్తు కావలెను. కకార షకారములు కలిసి ఒకే ఆకృతి దాల్చవలెను. దాచిన వరుస వేరు, గీయు వరుస వేరు. ఈ కూర్పును చేయుటకు ప్రత్యేకముగ ఒక యంత్రాంగము ఉండును. పూర్వపు అచ్చుకూటములలో కంపోజిటరు గళ్లనుండి వత్తును ఏరి తలకట్టు క్రింద చేర్చినట్లు ఇది క్షణమాత్రమున చేయును. విండోస్‌కు తన కంపోజిటరు వేరు, మాక్‌కు వేరు, లినక్స్‌కు వేరు.

దీని ఫలము ఎట్లుండునో లిబ్రేఆఫీస్ చరిత్ర చూపును. జర్మనీలో స్టార్‌ఆఫీస్‌గా పుట్టి, 2000లో ఓపెన్‌ఆఫీస్‌గాను, 2010లో లిబ్రేఆఫీస్‌గాను మారిన ఈ ఉచిత ప్రోగ్రాము మూడు ఆపరేటింగ్ సిస్టములలోను నడచును. అయినను చాలకాలము విండోస్‌లో విండోస్ కంపోజిటరును, మాక్‌లో మాక్ కంపోజిటరును అరువు తెచ్చుకొనెడిది. ఒకే పత్రము, ఒకే ఫాంటు. అయినను అక్షరముల ఎడము, పంక్తులు విరుగు చోటు యంత్రమునుబట్టి మారుటకు తావుండెడిది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3వ కూర్పునుండి ఈ అరువు మానిరి. హార్ఫ్‌బజ్ అను ఒకే కంపోజిటరును మూడుచోట్లకును వెంట తీసికొనిపోవుట ఆరంభించిరి. (పారసీకమున హర్ఫ్ అనగా అక్షరము, పేరు అందుండి వచ్చినది.) క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులును, ఆండ్రాయిడ్ ఫోనులును వాడునది ఈ హార్ఫ్‌బజ్‌నే.

మరుసటి సంవత్సరమే అరువు సామగ్రిలోని అపాయము లోకమంతటికిని తెలిసినది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరము ఆపిల్ ఫోనులను, మాక్ కంప్యూటర్లను తల్లక్రిందులు చేసినదని పత్రికలు వ్రాసినవి. ఆ అక్షరము ‘జ్ఞా’. మనము నిత్యము వ్రాయు జ్ఞానమునకు గాని జ్ఞాపకమునకు గాని దోషము లేదు. జకారము, పొల్లు, ఞకారముల తరువాత, దీర్ఘమునకు ముందు, కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరినప్పుడు ఆపిల్ కంపోజిటరైన కోర్‌టెక్స్ట్ దిక్కుతోచక కూలెడిది. అరువు తెచ్చుకొన్న ప్రోగ్రామును దానితోపాటు కూలెడిది. సందేశమున ఆ అక్షరము వచ్చినచాలు, సందేశములు చూపు ప్రోగ్రాము తెరచుకొనదు. ప్రోగ్రాము వ్రాసినవారి తప్పు ఇందు ఏమియు లేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణలు విడుదల చేయువరకు వారు చేయగలిగినది కూడ అల్పమే.

కావున తెలుగు ప్రోగ్రామునకు మా అభిప్రాయము ఇది: అక్షరములు కూర్చు యంత్రాంగమును వెంట తీసికొనిపోవుట మేలు. ఫాంటును తప్పక వెంట తీసికొనిపోవలెను. 2001 నాటి విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అను తెలుగు ఫాంటు ఉండెను; విండోస్ 8నుండి నిర్మల వచ్చినది; మాక్‌లో ఉన్నవి వేరు, లినక్స్‌లో ఉన్నవి వేరు. ఒకదానిలో సరిపోయిన పేరు మరియొకదానిలో గడి దాటి పోవును. మండలి, రామభద్ర, నోటో వంటి తెలుగు ఫాంటులను ఉచితముగ పంచుకొనుటకు అనుమతి కలదు. వానిలో ఒకదానిని ప్రోగ్రాములోనే చేర్చినచో ఈ చిక్కు తీరును. ఇక కీబోర్డు మాత్రము అరువే మంచిది. ఇన్‌స్క్రిప్ట్ అమరిక మూడు ఆపరేటింగ్ సిస్టములలోను కలదు. వర్తకుని వ్రేళ్లకు అలవాటైనది ఏదో దానినే వాడుకొననీయవలెను. ఫైలు తెరచు కిటికీ, అచ్చు వేయు కిటికీ కూడ ఆయా యంత్రములవే కానిండు. ప్రజలకు వానితో పరిచయము ఉన్నది.

పాత దస్తావేజుల మాట వేరు. డి.టి.పి. దుకాణములలో బహుకాలముగ వాడుచున్న అను వంటి ఫాంటులు యూనికోడ్ పద్ధతిలోనివి కావు. అందు దాగినవి ఇంగ్లీషు అక్షరముల స్థానములు. ఫాంటు తొడుగు ఉన్నంతవరకే తెలుగు. ఫాంటు లేని యంత్రమున పేర్ల పట్టిక అర్థములేని గుర్తుల గుంపుగా తోచును. అట్టివానిని ముందుగా యూనికోడ్‌లోనికి మార్చుకొని, ఒక్కొక్క పేరును కంటితో సరిచూచి, పిదప ప్రోగ్రాములో చేర్చవలెను. ఈ పని విసుగైనదే గాని దాటవేయరానిది.

స్థలము కొలచుటలోను జాగ్రత్త అవసరము. పేరునకు ఇరువది బైట్లు చాలునని ఇంగ్లీషు అలవాటున గీత గీసినారనుకొందము. యూనికోడ్‌ను దాచుటకు ఎక్కువగా వాడు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. ‘లక్ష్మి’కి 21. గుడి నడుమకు తెగి, లక్ష్మిగారి పేరు చివర ప్రశ్నార్థకపు గుర్తు వెలయును. ‘గిద్దలూరు’నకు 27, ‘మార్కాపురం’నకు 30. ఊరి పేరే పట్టని గడిలో ఊరివారి లెక్కలేమి పట్టును?

ప్రోగ్రామును రెండు భాగములుగ విడదీసికొనుట అన్నిటికంటె ముఖ్యము. లెక్క కట్టు భాగము ఒకటి, ముఖము చూపు భాగము ఒకటి. లెక్క కట్టు భాగములో కిటికీల ఊసు, బొత్తాముల ఊసు రానీయరాదు. అప్పుడు రేపు టూల్‌కిట్ మారినను, ఆపరేటింగ్ సిస్టమ్ మారినను ముఖము మాత్రమే మారును. లెక్కలను దాచుటకు ఎస్‌క్యూలైట్ వంటిదానిని ఎన్నుకొనవలెను. రిచర్డ్ హిప్ అను అమెరికనుడు 2000లో వెలువరించిన ఈ ఉచిత సాధనము సమస్తమును ఒకే ఫైలులో ఉంచును. ఆ ఫైలును విండోస్‌నుండి లినక్స్‌కు, లినక్స్‌నుండి మాక్‌కు అట్లే ఎత్తి పెట్టవచ్చును. ఒక్క అంకెయైనను మారదు. పలకమీద వ్రాసినది పలకతోనే పోయినట్లు.

మాక్ విషయమున ఖర్చు కొంత కలదు. 2019లో వచ్చిన మాక్ కూర్పునుండి, ఇంటర్నెట్‌నుండి దింపుకొను ప్రోగ్రామును ఆపిల్ సంస్థ తనిఖీ చేసి ముద్ర వేయనిచో అది సులభముగ తెరచుకొనదు. ఆ ముద్ర పొందుటకు సంవత్సరమునకు 99 డాలర్ల చందా చెల్లింపవలెను. పైగా 2020నుండి ఆపిల్ తన సొంత ప్రాసెసరులకు మారినందున పాత మాక్‌లకు, కొత్త మాక్‌లకు రెండు కట్టుబడులు సిద్ధపరుపవలెను. సొంత మాక్ లేనివారు ఇంటర్నెట్ ద్వారా అద్దె యంత్రములలో కట్టించుకొనవచ్చును. గిట్‌హబ్ వంటి సంస్థలు మూడు విధముల యంత్రములను ఇందులకు సమకూర్చుచున్నవి. వాడువారిలో ఒక్కరికైనను మాక్ లేనప్పుడు, ముందు విండోస్, లినక్స్‌లతో ఆరంభించుట వివేకమని మాకు తోచుచున్నది. లెక్క భాగము వేరుగ ఉన్నంతకాలము మాక్ ద్వారము మూసికొనిపోదు.

కట్టుబడి ముగిసిన తరువాత పరీక్ష. పెద్ద పరికరములు అక్కరలేదు. ‘లక్ష్మి’, ‘జ్ఞానము’, ‘పైకము’, ‘స్వాతంత్ర్యము’ వంటి పదిమాటలు వ్రాసి, మూడు యంత్రములలోను ఒకే పుటను అచ్చు వేయింపవలెను. మూడు కాగితములను ఒకదానిపై ఒకటి ఉంచి వెలుతురునకు ఎత్తి చూడవలెను. ఏ వత్తు జరిగినదో, ఏ పంక్తి వేరొకచోట విరిగినదో అప్పుడు కనబడును. పిదప ఒక యంత్రమున వ్రాసిన లెక్కల ఫైలును తక్కిన రెండింటిలో తెరచి, ‘లక్ష్మి’ అని వెదకవలెను. దొరకినచో వర్తకునికి ఇచ్చి, ఒక నెలదినములు కాగితపు చిట్టాను కూడ ప్రక్కనే వ్రాయుచుండుమని చెప్పవలెను.